దురద, మచ్చ, పొక్కు: ట్యూబ్ కొనేముందు చూసుకోవాల్సినవి

ఒంటి మీద ఏదైనా కనిపించగానే మెడికల్ షాపుకెళ్లి "దురదకి ఏదైనా ట్యూబ్ ఇవ్వండి" అంటాం. నెలా రెండు నెలల్లో పోవాల్సిన జబ్బు ఏళ్ల తరబడి వేధించడానికి చాలాసార్లు ఆ ట్యూబే కారణం. అందుకే కొనేముందు ఒక్కసారి వెలుతురులో నిలబడి చూసుకోండి. ఎక్కడ వచ్చింది? దురద ఉందా, ఉంటే రాత్రి ఎక్కువవుతోందా? ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటున్నారా? ఆ చోట ముట్టుకుంటే స్పర్శ తెలుస్తోందా? ఈ ప్రశ్నలకు జవాబు దొరికితే సగం దారి తెలిసినట్టే.

గజ్జల్లో, నడుం చుట్టూ గుండ్రటి మచ్చ, అంచు ఎర్రగా, మధ్యలో కాస్త తేటగా

ఇది తామర. ఫంగస్ వల్ల వస్తుంది. చెమట, బిగుతు బట్టలు, సరిగా ఆరని లోదుస్తులు దానికి బలం. మన దగ్గర మొలతాడు కూడా ఒక కారణం. తడిసిన తాడు రోజంతా నడుముకు అంటుకుని ఉంటే ఫంగస్ అక్కడే కాపురం పెడుతుంది. కనీసం మందు వాడినన్నాళ్లయినా తీసేయండి, పెద్దవాళ్లకు నచ్చజెప్పి అయినా సరే.

మచ్చ చిన్నదైతే ఫంగస్‌కు మాత్రమే పనిచేసే క్రీమ్ చాలు. మచ్చ మీద ఒక్కచోటే కాకుండా, అంచు దాటి రెండు సెంటీమీటర్ల వరకు రాయాలి. మచ్చ కనబడకుండా పోయాక కూడా ఇంకో రెండు వారాలు కొనసాగించాలి. దురద తగ్గగానే ఆపేయడం అందరూ చేసే పొరపాటు. ఒంట్లో రెండు మూడు చోట్ల ఉంటే మాత్రలు కావాలి, అవి డాక్టర్ రాయాల్సిందే. ఇట్రాకొనజోల్ లాంటివి కొన్ని కొలెస్టరాల్ మందులతో కలిపి వాడకూడదు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ప్రమాదం. తువ్వాలు ఎవరిది వాళ్లకే ఉండాలి. బట్టలు తిరగేసి ఎండలో ఆరేయాలి.

ట్యూబ్ రాస్తే రెండు రోజుల్లో తగ్గింది, ఆపగానే రెట్టింపైంది

ట్యూబ్ మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటాసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్ అని ఉంటే అందులో స్టెరాయిడ్ ఉంది. ఎరుపును, దురదను అది అణిచేస్తుంది కాబట్టి తగ్గిపోయిందనిపిస్తుంది. కానీ ఫంగస్‌తో పోరాడాల్సిన చర్మాన్నే అది నిద్రపుచ్చుతుంది, ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. అసలు రూపం మారిపోయి, ఉంగరం లోపల ఇంకో ఉంగరంలా వస్తుంది. డాక్టరుకే గుర్తుపట్టడం కష్టమవుతుంది. నెలల తరబడి రాస్తే గజ్జల్లో చర్మం పల్చబడి చారలు పడతాయి, అవి జీవితాంతం పోవు. ఇలాంటి క్రీములు చాలావాటిని ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన పెట్టినా, అడిగితే ఇచ్చే షాపులు ఇంకా ఉన్నాయి. పైగా మామూలు మందుకు లొంగని తామర మన దేశంలో కొన్నేళ్లుగా పెరిగింది.

పరిష్కారం: ఆ ట్యూబ్‌ను డాక్టరుకు చూపించి ఆపండి. ఆపిన కొత్తలో ఎరుపు, దురద ఎక్కువవుతాయి. ఆ కొన్ని రోజులు ఓర్చుకోవాలి, మళ్లీ దాని జోలికి వెళ్లకూడదు.

రాత్రి పడుకోగానే దురద, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి

వేళ్ల సందులు, మణికట్టు, చంకలు, బొడ్డు చుట్టూ, మర్మాంగాల దగ్గర చిన్న పొక్కులుంటే అది గజ్జి. కంటికి ఆనని పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. దీనికి శుభ్రతతో సంబంధం లేదు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

సంక్రాంతి సెలవులకు హాస్టల్ నుంచి వచ్చిన మా అక్క కొడుక్కి ఇదే వచ్చింది. వాడొక్కడికే మందు రాశాం. నెల తిరిగేసరికి మా అమ్మకి, అక్కకి మొదలైంది, వాళ్ల నుంచి మళ్లీ వాడికి. మొదటిసారి పురుగు పట్టినవాళ్లకు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని అప్పుడు మాకు తెలియదు. దురద లేనివాళ్ల ఒంట్లోనూ పురుగు ఉండవచ్చు. అందుకే ఇంట్లో అందరూ ఒకే రాత్రి మందు రాసుకోవాలి.

5 శాతం పర్మెత్రిన్ క్రీమ్ మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా రాసుకుని, 8 నుంచి 12 గంటలు ఉంచి స్నానం చేయాలి. పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి దాదాపు 30 గ్రాములు పడుతుంది. దురద ఉన్నచోట మాత్రమే రాస్తే పని జరగదు. మధ్యలో చేతులు కడిగితే మళ్లీ రాయాలి. వారం తర్వాత ఇంకోసారి. పసిపిల్లలకు, గర్భిణులకు డాక్టర్‌ని అడిగి రాయండి. మర్నాడు పక్కబట్టలన్నీ వేడినీళ్లలో ఉతకాలి, ఉతకలేని దుప్పట్లు కవర్లో మూటకట్టి వారం పక్కన పెట్టాలి. పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. మందు పనిచేయలేదనుకుని రోజూ రాస్తే చర్మం మండిపోతుంది.

పాలిపోయిన మచ్చ, దురద లేదు, నొప్పి లేదు

నాకు ఎక్కువ భయం ఈ మచ్చంటేనే. బాధ పెట్టదు కాబట్టి ఎవరూ చూపించుకోరు.

ఛాతీ, వీపు, మెడ మీద చిన్న చిన్న మచ్చలుండి, గోటితో గీస్తే సన్నటి పొట్టు రాలితే శోభి. కెటోకొనజోల్ షాంపూ లాంటివాటితో పోతుంది, రంగు తిరిగి రావడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. పాలలా తెల్లగా, అంచు స్పష్టంగా, స్పర్శ మామూలుగా ఉంటే బొల్లి కావచ్చు. అంటుకోదు. చేపలూ పాలూ కలిపి తింటే రాదు. తొందరగా వెళ్తే చికిత్స బాగా పనిచేస్తుంది. పిల్లల బుగ్గల మీద మసక మచ్చలు చాలావరకు చర్మం పొడిబారినవి, మాయిశ్చరైజర్ చాలు.

స్పర్శ లేకపోతే కుష్టు. కళ్లు మూసుకోమని, బాల్ పెన్ మొనతో మచ్చ మీద, పక్కన మంచి చర్మం మీద మెల్లగా తాకండి. ఎక్కడ తాకారో వేలితో చూపించమనండి. మచ్చ మీద తాకినట్టు తెలియకపోతే ఆ వారమే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. కాలి చెప్పు జారిపోయినా తెలియకపోవడం, చేతివేళ్లు తిమ్మిరెక్కడం కూడా దీనికి సూచన కావచ్చు. 2005 చివరికి దేశం మొత్తం మీద పది వేల మందికి ఒక్క కేసు కంటే తక్కువైందని ప్రకటించాక, ఆ రోగం ఇక లేదని చాలామంది అనుకుంటున్నారు. ఉంది. సూక్ష్మక్రిమి ఒంట్లో చేరాక బయటపడటానికి సగటున అయిదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు పడుతుంది. మందు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా ఏడాది వాడాలి. మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటించే గుణం పోతుంది. ఆ మందుల్లో ఒకటైన క్లోఫాజిమిన్ వల్ల చర్మం నల్లబడితే భయపడి ఆపకండి, కోర్సు అయ్యాక మెల్లగా తగ్గుతుంది. ఆలస్యమైతే నరం దెబ్బతిని వేళ్లు వంకర పోతాయి, అది మందుతో వెనక్కి రాదు.

మోచేతులు, మోకాళ్లు, తలలో వెండి రంగు పొట్టు

సోరియాసిస్. అంటుకోదు. దీనికి స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు వేయించుకుంటే, ఆపగానే ఒళ్లంతా ఎర్రబడి చీము పొక్కులు రావచ్చు. పేరు చెప్పకుండా ఇచ్చే పొడులతో జాగ్రత్త.

ఒకవైపే పట్టీలా మంట, పొక్కులు

సర్పి. ఒకప్పుడు వచ్చిన ఆటలమ్మ (చికెన్‌పాక్స్) వైరసే నరంలో దాగి మళ్లీ లేస్తుంది. మంత్రం వేయించుకున్నా అడ్డుచెప్పను, కానీ పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్‌ను అణిచే మాత్రలు మొదలవ్వాలి. నుదురు, ముక్కు, కంటి దగ్గరైతే ఆ రోజే కంటి డాక్టర్‌కి చూపించండి. వానాకాలంలో పొద్దున లేచేసరికి గీత గీసినట్టు కాలి ఉంటే, అది లైటు వెలుగుకి వచ్చే పురుగును నిద్రలో నలిపినప్పుడు అంటిన విషం. సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ వేయండి, రెండు వారాల్లోపు మానుతుంది.

ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సినవి

నోట్లో పుండ్లు నెలల తరబడి మానకుండా, ఒంటి మీద మెత్తటి నీటి పొక్కులు లేచి చితికిపోతుంటే పెంఫిగస్ కావచ్చు. ఇది అరుదు, కానీ వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. కొత్త మందు మొదలుపెట్టిన వారం నుంచి ఎనిమిది వారాల్లో జ్వరం, కళ్లు ఎర్రబడటం, పెదాలు పగిలి పుండ్లు, చర్మం నొప్పితో ఊడటం మొదలైతే అది మందు పడకపోవడం. ఫిట్స్ మందులు, సల్ఫా మందులు, యూరిక్ యాసిడ్‌కి వాడే అల్లోప్యూరినాల్‌తో ఇలా జరగవచ్చు. పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి వెంటనే వెళ్లండి, వాడుతున్న మాత్రల షీట్లన్నీ చేతిలో పట్టుకెళ్లండి. ఏ మందు వల్ల వచ్చిందో అక్కడ తేలాక ఆ పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయించుకుని పర్సులో పెట్టుకోండి, తర్వాత ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితమే చూపించండి.