బ్రష్ చేస్తే రక్తం వస్తోందా? గార ఎంత లోతుకు దిగిందో చూడాలి

సమస్య: ఉమ్మితే ఎర్రగా వస్తోంది

చిగురు అంచున పాచి పేరుకుంది. రక్తం చూసి భయపడి చాలామంది సరిగ్గా ఆ చోటే బ్రష్ పెట్టడం మానేస్తారు, పాచికి కావలసింది అదే. కొన్ని రోజుల్లోనే అది లాలాజలంలోని కాల్షియం పట్టి గారగా గట్టిపడుతుంది. ఇక ఏ పేస్టూ దాన్ని కదపలేదు. పళ్లను పట్టి ఉంచే ఎముక చెడకపోతే మామూలు స్కేలింగ్ (డెంటిస్ట్ దగ్గర గార తీయించుకోవడం), మెత్తటి బ్రష్‌తో రోజూ రెండుసార్లు తోముకోవడం, పళ్ల సందులు శుభ్రం చేసుకోవడం చాలు.

సమస్య: వాసన పోదు, పళ్లు పొడవుగా కనిపిస్తున్నాయి, చిగురు నొక్కితే చీము

గార చిగురు లోపలికి దిగింది. డెంటిస్ట్ గీతలున్న సన్నటి ప్రోబ్‌ను పంటికీ చిగురుకీ మధ్య దింపి లోతు కొలుస్తారు. 3 మి.మీ. వరకు ఫర్వాలేదు. 4, అంతకన్నా ఎక్కువ ఉండి రక్తం కూడా వస్తుంటే ఎక్స్-రేలో ఎముక చూడాలి.

ఇక్కడ కావలసింది డీప్ క్లీనింగ్. మత్తు సూది ఇచ్చి, చిగురు కింద వేరుకు అంటుకున్న గారను గీకి తీస్తారు. నోరంతా ఒకేసారి కాకుండా రెండు మూడు విడతల్లో చేయడం మామూలే. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గుండె కవాటం మార్పించుకున్నా ముందే చెప్పండి. యాంటీబయాటిక్ బిళ్లలు మింగితే గార ఊడిరాదు.

సమస్య: క్లీనింగ్ చేయించాకే సందులొచ్చాయి, చల్లటిది తగిలితే జివ్వుమంటోంది

అందరూ డాక్టర్‌ని తిట్టుకునేది ఇక్కడే. ఆ సందులు ముందు నుంచీ ఉన్నవే, ఇన్నాళ్లూ గార, వాపు వాటిని కప్పేశాయి. వాపు తగ్గి చిగురు బిగుసుకోగానే బయటపడ్డాయి. జివ్వుమనడం సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గుతుంది, సెన్సిటివిటీ పేస్టు వాడండి. పోయిన ఎముక మాత్రం క్లీనింగ్‌తో తిరిగి రాదు.

సమస్య: డీప్ క్లీనింగ్ అయ్యి నెలన్నర దాటినా తగ్గలేదు

సిగరెట్, అదుపులో లేని షుగర్ ముందుగా అనుమానించాల్సినవి. పొగతాగేవారికి రక్తం తక్కువగా వస్తుంది కాబట్టి జబ్బు ముదిరేదాకా తెలియదు. మళ్లీ కొలిపించుకోండి; లోతు ఇంకా 6 మి.మీ. ఉంటే చిగురు తెరిచి శుభ్రం చేసే ఫ్లాప్ సర్జరీ గురించి అడగండి. తగ్గినా సరే, 3–4 నెలలకోసారి చూపించుకోవాలి. జ్వరంతో ముఖం వాచిందంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే వెళ్లండి.