ఫీనిక్స్‌లోని పిల్లల దగ్గరికి వెళ్తున్నారా? ఎడారి నడకకు ముందు ఇవి చూసుకోండి

హనుమకొండలో ఎండలు ముదరగానే అమెరికాలోని పిల్లల దగ్గరికి బయలుదేరే అమ్మానాన్నలు చాలామందే ఉంటారు. ఆ పిల్లలుండేది ఫీనిక్స్‌లో అయితే మీరు వెళ్లేది చల్లటి చోటికి కాదు, సోనోరన్ ఎడారిలోకి. 2023 వేసవిలో అక్కడ వరుసగా 31 రోజులు ఎండ 43 డిగ్రీల పైనే ఉంది.

"రామగుండం ఎండలు చూసినోళ్లం, ఇదో లెక్కా" అనే ధీమాతోనే చిక్కు. మేలో మనం మిట్టమధ్యాహ్నం తలుపులేసుకుని కూలర్ ముందు పడుకుంటాం తప్ప గుట్టలెక్కం కదా! పైగా అక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా తడవలేదు కాబట్టి దాహం లేదనుకుంటారు. ఎండలో నడిచేటప్పుడు గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా నీళ్లు పడతాయి. తెచ్చుకున్న నీళ్లలో సగం అయిపోయాయంటే, ఎక్కడున్నా వెనక్కి తిరగాల్సిందే. ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి కళ్లు తిరుగుతాయి. సూట్‌కేసులో ఎలాగూ సకినాలు, సర్వపిండి ఉంటాయి, అవే నాలుగు సంచిలో వేసుకోండి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వాడేవాళ్లు, ఉప్పు, నీళ్ల సంగతి ఇక్కడి డాక్టర్‌నే అడిగి వెళ్లండి. ఇన్సులిన్‌ను కారులో వదలొద్దు.

సులువైన నడకలకు కొదవ లేదు. పాపాగో పార్కులో ఎర్రరాతి గుట్టకు పడ్డ పెద్ద రంధ్రం దాకా కాసేపట్లో ఎక్కేయొచ్చు. సౌత్ మౌంటెన్ మీద డాబిన్స్ లుకౌట్ దాకా కారే పోతుంది. సూర్యోదయానికి వెళ్లి, ఎండ ఎక్కేలోపు ఇంటికి చేరండి. క్యామెల్‌బ్యాక్ కొండ మాత్రం వద్దు. చేతులు ఆనించి ఎక్కాల్సిన రాళ్లవి. తీవ్రమైన ఎండ హెచ్చరిక ఉన్న రోజుల్లో పగటిపూట ఆ దారులను నగరపాలక సంస్థే మూసేస్తుంది.

గ్రాండ్ కాన్యన్‌లో లెక్క తిరగబడుతుంది. పద్మాక్షి గుట్ట ఎక్కుతూ అలసిపోతే వెనక్కి తిరిగి దిగొచ్చు. అక్కడ ముందు దిగుతారు, ఒంట్లో సత్తువ అయిపోయాక ఎక్కాలి. దిగేకొద్దీ వేడీ పెరుగుతుంది. వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా లోయలో నడవొద్దని పార్కువాళ్లే చెప్తారు. పెద్దవాళ్లకు అంచు వెంబడి సాగే రిమ్ ట్రయిల్ చాలు, చూసే అందమంతా పైనుంచే కనిపిస్తుంది.

జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ దాకా అక్కడా వానాకాలమే. నెత్తిన మబ్బు లేకున్నా ఎక్కడో కురిసిన వాన ఎండిన వాగులోకి ఉన్నపళంగా దూసుకొస్తుంది. 1997 ఆగస్టులో యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు రాతి లోయలో 11 మంది అలాగే కొట్టుకుపోయి చనిపోయారు. గైడ్ వద్దన్న రోజున టికెట్ డబ్బులు పోతాయని వాదించకండి.

బూట్లు ఇక్కడే కొని, భద్రకాళి చెరువు కట్ట మీద నడిచి అలవాటు చేసుకోండి. చెప్పులతో వెళ్తే చోయా అనే ముళ్లజెముడు ముక్కలు పాదానికి పట్టుకుంటాయి. చేత్తో లాగితే చేతికీ అంటుకుంటాయి, దువ్వెనతో ఎగదీయాలి. బండల సందుల్లో చేతులు పెట్టొద్దు, తాచుపాముల్లేవు గానీ తోకతో గలగలమనే విషపు గిలక పాములు (రాటిల్ స్నేక్స్) ఉన్నాయి.

నాకు వీటన్నిటికంటే మొహమాటమంటేనే భయం. పిల్లలు లీవ్ పెట్టి తీసుకొచ్చారని, అల్లుడి ముందు ఏం బాగుంటుందని, ఆయాసం వచ్చినా అత్తగారు నోరు విప్పరు. అందుకే "ఇక చాలు" అని ముందుగా అనే పని పిల్లలదే. తలనొప్పి, వాంతి వచ్చేటట్టుండటం మొదలైతే నీడలో కూర్చోబెట్టండి. మాట తడబడినా, ఎక్కడున్నారో తెలియనట్టు చూసినా వెంటనే 911కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసరండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు.