ఆల్ వీల్ డ్రైవ్ కారును డ్రిఫ్టింగ్ కోసం రియర్ వీల్ డ్రైవ్‌గా మార్చడం ఎలా?

బురదలో, మంచులో, తడి రోడ్డు మీద ఆల్ వీల్ డ్రైవ్ కారుకు తిరుగులేదు. డ్రిఫ్టింగ్‌కు వచ్చేసరికి అదే కారు మొండికేస్తుంది. డ్రిఫ్ట్‌లో వెనక చక్రాలు పట్టు వదిలి జారాలి, ముందు చక్రాలు స్టీరింగ్ పని మాత్రమే చూసుకోవాలి. వాటికి కూడా ఇంజిన్ పవర్ అందుతుంటే, వెనక భాగం పక్కకు తిరగ్గానే అవి కారును ముందుకు లాగి తిన్నగా చేసేస్తాయి. యాక్సిలరేటర్ ఎంత తొక్కితే అంత లాగుతాయి. అందుకే పోటీల్లో ఇలాంటి కార్లను రియర్ వీల్ డ్రైవ్‌గా మార్చేసి నడుపుతారు. 2006లో జపాన్ డ్రిఫ్టింగ్ పోటీ డీ1 గ్రాండ్ ప్రిలో ఛాంపియన్ అయిన నోబుషిగే కుమాకుబో నడిపిన సుబారు ఇంప్రెజా కూడా అలా మార్చినదే.

అసలు పనిలోకి దిగేముందు ఒక్క మాట. మీ దగ్గర ఇంకా కారే లేకపోతే, ఆల్ వీల్ డ్రైవ్ కారు కొని మరీ మార్చే తలనొప్పి పెట్టుకోకండి. మొదటి నుంచీ రియర్ వీల్ డ్రైవ్‌గా వచ్చిన కారు తీసుకుంటే ఆ డబ్బు టైర్లకు మిగులుతుంది. ఇంటి ముందు ఇప్పటికే ఇంప్రెజా ఉండి, దాన్ని వదులుకోలేని వాళ్ల కోసమే ఈ వ్యాసం.

"ముందు యాక్సిళ్లు రెండూ పీకేస్తే అయిపోయింది" అని చాలామంది అనుకుంటారు. యాక్సిళ్లంటే గేర్‌బాక్స్ నుంచి చక్రాలకు పవర్ తీసుకెళ్లే కడ్డీలు. పీకడం ఒక పూట పని. పీకాక ఇంజిన్ పవర్ ఎటు పోతుంది, ఆ బరువు మోయడానికి ఏ గేరు సిద్ధంగా ఉంది అన్నదే అసలు లెక్క.

మొదటి అడుగు: మీ కారు ఏ రకమో తెలుసుకోండి

ఆల్ వీల్ డ్రైవ్ అన్న పేరు ఒకటే అయినా లోపలి అమరిక కారు కారుకూ వేరు. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్32, ఆర్33, ఆర్34లు నిజానికి రియర్ వీల్ డ్రైవ్ కార్లే. అవసరమైనప్పుడు మాత్రం ట్రాన్స్‌ఫర్ కేసు (పవర్‌ను మళ్లించే గేర్ పెట్టె) లోని క్లచ్ ముందుకు కొంత పవర్ పంపుతుంది. ఆ పవర్‌ను ముందుకు తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేస్తే చాలా వరకు పని అయిపోయినట్టే. ముందు యాక్సిళ్లు, డిఫరెన్షియల్ (పవర్‌ను రెండు వైపులకు పంచే గేర్ల అమరిక) ఉన్నచోటే ఉండి చక్రాలతో పాటు ఊరికే తిరుగుతుంటాయి. ఇంజిన్ కారు పొడవునా ఉండే బీఎండబ్ల్యూ ఎక్స్‌డ్రైవ్ కార్లు కూడా ఈ కోవలోవే. కాకపోతే వాటిలో ఎలక్ట్రానిక్స్‌ను ఒప్పించడానికే ఎక్కువ తిప్పలు.

సుబారు ఇంప్రెజా, ఇంజిన్ కారు పొడవునా కూర్చున్న చాలా ఆడి క్వాట్రోలది ఇంకో దారి. వీటిలో పవర్‌ను ముందుకూ వెనక్కూ పంచేది సెంటర్ డిఫరెన్షియల్. మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్‌లో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది కాబట్టి అమరిక వేరు, కానీ సెంటర్ డిఫరెన్షియల్ గొడవ మాత్రం అదే.

ఇక మిగిలినవి హాల్డెక్స్ కప్లింగ్ (అవసరమైనప్పుడు వెనక్కి పవర్ కలిపే క్లచ్) ఉన్న కార్లు: గోల్ఫ్ ఆర్, ఆడి టీటీ లాంటివి. అవి పుట్టుకతో ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లు. వెనక్కి వెళ్లే భాగాలన్నీ సాయం కోసం పెట్టినవే తప్ప మొత్తం పవర్ మోయడానికి కాదు. వీటి జోలికి వెళ్లకండి.

ఇక్కడి నుంచి చెప్పేదంతా ఐదు గేర్ల మాన్యువల్ ఇంప్రెజాను దృష్టిలో పెట్టుకుని. ఆటోమేటిక్ అయితే ఇక్కడే ఆగిపోండి. పాత ఆటోమేటిక్ సుబారుల్లో ఎఫ్‌డబ్ల్యూడీ అని రాసిన ఫ్యూజ్ సాకెట్ చూసి "ఫ్యూజ్ పెడితే మారిపోతుందట" అని సంబరపడేవాళ్లు ఉంటారు. మారుతుంది, కానీ ఫ్రంట్ వీల్ డ్రైవ్‌గా. మనకు కావాల్సింది దానికి సరిగ్గా ఉల్టా.

రెండో అడుగు: ముందు యాక్సిళ్లు తీయడం

కారు ఇంకా నేల మీద ఉండగానే, ఒకరిని బ్రేక్ తొక్కి పట్టుకోమని యాక్సిల్ నట్టు వదులు చేయండి. 32 ఎంఎం సాకెట్, పొడవైన రాడ్డు కావాలి. నట్టు అంచును షాఫ్ట్ గాడిలోకి కొట్టి నొక్కి ఉంచుతారు, ముందు ఆ అంచును ఉలితో పైకి లేపాలి. లేపకుండా తిప్పితే షాఫ్ట్ మరలు పాడవుతాయి. తర్వాత కారును గట్టి స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీని నమ్ముకుని కారు కిందకు దూరొద్దు.

స్ట్రట్‌ను (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ ఉన్న నిలువు భాగం) నకుల్‌కు (చక్రం హబ్‌ను పట్టుకునే ముక్క) బిగించిన రెండు బోల్టుల్లో పైది క్యాంబర్ బోల్ట్, అంటే చక్రం వంపును సరిచేసేది. అది ఏ స్థానంలో ఉందో పెయింట్‌తో గుర్తు పెట్టుకుని విప్పండి. నకుల్‌ను బయటికి వంచితే యాక్సిల్ హబ్‌లోంచి జారుతుంది. గేర్‌బాక్స్ వైపు పాత ఇంప్రెజాల్లో ఒక రోల్ పిన్ ఉంటుంది, దాన్ని పంచ్‌తో కొట్టి తీయాలి. యాక్సిల్ వచ్చేసినా చిన్న స్టబ్ షాఫ్ట్ గేర్‌బాక్స్‌లోనే ఉండిపోతుంది కాబట్టి ఆయిల్ కారదు. తర్వాతి మోడళ్లలో యాక్సిల్ నేరుగా గేర్‌బాక్స్‌లోకే దిగి ఉంటుంది, తీయగానే అక్కడ కన్నం మిగులుతుంది. ఆ లోపలి జాయింట్‌ను విడదీసి, గేర్‌బాక్స్‌లోకి దిగే ముక్కను మాత్రం తిరిగి పెట్టేయాలి. ఆయిల్ సీల్ పట్టుకోవడానికి అదే కావాలి.

ఇక్కడ ఇంకో జాగ్రత్త. సీళ్ల చుట్టూ గాట్లున్న పెద్ద రింగులు కనిపిస్తాయి. అవి ఉత్త మూతలు కావు. ముందు డిఫరెన్షియల్ బేరింగుల బిగువు, క్రౌన్, పినియన్ అనే దాని రెండు గేర్ల మధ్య ఖాళీ వాటి మీదే ఆధారపడి ఉంటాయి. సీల్ మార్చే వంకతో వాటిని తిప్పకండి.

మూడో అడుగు: హబ్‌లో స్టబ్ తిరిగి బిగించడం

ఇది మరిచిపోతే చక్రం ఊడుతుంది. ఇంప్రెజా ముందు హబ్ బేరింగ్‌ను గట్టిగా కలిపి పట్టుకునేది యాక్సిల్ నట్టే. ఒక పక్క హబ్, ఇంకో పక్క సీవీ జాయింట్ (యాక్సిల్ చివర వంగుతూ తిరిగే కీలు), మధ్యలో బేరింగ్ లోపలి రేసులు (రింగులు). నట్టు బిగిస్తే ఈ మూడూ ఒకదాన్నొకటి నొక్కుకుని ఒకే ముక్కలా ఉంటాయి. యాక్సిల్ మొత్తం తీసేసి చక్రం పెట్టి నడిపితే రేసులు విడిపోతాయి. మొదట మూలుగు వినిపిస్తుంది, ఆ తర్వాత చక్రం ఊగుతుంది.

అందుకని యాక్సిల్ తీశాక దాని బయటి జాయింట్‌ను విడదీయండి. బూట్ కోసి, గ్రీజు తుడిచి, షాఫ్ట్‌ను వైస్‌లో బిగించి, జాయింట్ మీద సుత్తితో ఒక దెబ్బ వేస్తే లోపలి క్లిప్ వదిలి ఊడి వస్తుంది. కేజ్‌ను పక్కకు వంచుతూ బాల్స్ ఒక్కొక్కటే తీసేయండి. చివరికి మిగిలేది పళ్లు, మరలు ఉన్న గిన్నెలాంటి ముక్క. దాన్ని శుభ్రం చేసి హబ్‌లో పెట్టి, కొత్త నట్టుతో మీ కారు సర్వీస్ మాన్యువల్ చెప్పినంత టార్క్‌కు బిగించి, అంచు మళ్లీ గాడిలోకి కొట్టండి. బాగున్న యాక్సిళ్లను దీనికి బలివ్వకండి. బూట్లు చిరిగి, టక్‌టక్‌మనే పాత జత సంపాదించి వాటిని వాడండి. మనసు మారి మళ్లీ నాలుగు చక్రాలకు పవర్ ఇవ్వాలనుకుంటే అసలువి ఇంట్లో ఉంటాయి.

నాలుగో అడుగు: సెంటర్ డిఫరెన్షియల్ లాక్ చేయడం

ఇప్పుడు కారు స్టార్ట్ చేసి గేర్ వేస్తే దాదాపు కదలదు. డిఫరెన్షియల్ గుణమే అంత, అడ్డు తక్కువ ఉన్న వైపుకు తిరుగుడంతా వదిలేస్తుంది. ముందు యాక్సిళ్లు లేవు కాబట్టి ఆ వైపు అడ్డే లేదు. లోపలి విస్కస్ కప్లింగ్ (చిక్కటి ద్రవంతో రెండు వైపులనూ కలిపి పట్టే డబ్బా) కాసేపు పట్టి వెనక చక్రాలను కదిలించవచ్చు. అలా నడుస్తోంది కదా అని నడిపితే కప్లింగ్‌లోని సిలికోన్ ద్రవం వేడెక్కి అది చచ్చిపోతుంది. ఆడిలో ఉండే టోర్సెన్ రకం సెంటర్ డిఫరెన్షియల్ కథా ఇంతే. ఒక వైపు ఉన్న పట్టుకు కొన్ని రెట్లు రెండో వైపుకు ఇవ్వడమే టోర్సెన్ పని. సున్నాకు ఎన్ని రెట్లయినా సున్నాయే.

ఇంప్రెజాలోనే పవర్ ఎక్కువున్న ఎస్‌టీఐ మోడల్, ఆరు గేర్ల గేర్‌బాక్స్ ఉన్నవాళ్లు "మాకు డీసీసీడీ ఉంది, లోపలి చిన్న చక్రం స్విచ్ తిప్పి లాక్‌లో పెడతాం" అంటారు. అది సెంటర్ డిఫరెన్షియల్‌ను విద్యుదయస్కాంతంతో నొక్కి పట్టే క్లచ్. ఇంజిన్ టార్క్ మొత్తాన్ని అదొక్కటే ఎల్లకాలం మోయలేదు. వాళ్లకూ గట్టిగా లాక్ చేయడమే దారి.

ఇంప్రెజాలో అదృష్టం ఏమిటంటే సెంటర్ డిఫరెన్షియల్ గేర్‌బాక్స్ తోక భాగంలో ఉంటుంది, మొత్తం గేర్‌బాక్స్ విప్పి పరచాల్సిన పని లేదు. గేర్ ఆయిల్ దించి, ప్రొపెల్లర్ షాఫ్ట్, వెనక క్రాస్‌మెంబర్ తీసి, తోక హౌసింగ్ విప్పితే అది చేతికి వస్తుంది. దాని స్థానంలో స్పూల్ పెట్టడం మంచి పద్ధతి. ముందు వెనక షాఫ్టులను కలిపేసే గట్టి ఉక్కు ముక్క అది. డబ్బు మిగుల్చుకోవాలని లోపలి గేర్లకు వెల్డింగ్ పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ దారిలో వెళితే విస్కస్ కప్లింగ్‌కు వేడి తగలనివ్వకండి, అది లోపల ద్రవంతో మూసేసిన డబ్బా. వెల్డ్ రవ్వలు గేర్‌బాక్స్‌లో పడినా బేరింగులకు చేటే. నా ఓటు స్పూల్‌కే.

తీసేటప్పుడు వచ్చిన షిమ్‌లు (మందం సరిచేసే పలచటి రింగులు), వాషర్లు ఏ వరుసలో వచ్చాయో ఫొటో తీసి పెట్టుకోండి. స్పూల్ మందం అసలు భాగంతో సరిపోకపోతే షిమ్ మార్చి ఖాళీ సరిచేయాలి. ఇక్కడ తొందరపడితే హౌసింగ్ బిగించాక షాఫ్ట్ బిర్రుగా తిరుగుతుంది. తిరిగి బిగించాక 75డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ పోయండి. ఐదు గేర్ల బాక్స్‌కు సుమారు 3.5 లీటర్లు పడుతుంది. ముందు క్రౌన్ పినియన్ ఇంకా లోపల తిరుగుతూనే ఉంటుంది, దానికీ ఇదే ఆయిల్. పని లేదు కదా అని తక్కువ పోయకండి.

ఐదో అడుగు: వెనక భాగాన్ని గట్టిపరచడం

నిన్నటి దాకా సగం టార్క్ మోసిన వెనక డిఫరెన్షియల్ ఇవాళ్టి నుంచి మొత్తం మోయాలి. మామూలు ఇంప్రెజాలో ఉండేది ఆర్160, ఎస్‌టీఐలో ఆర్180. ఆ అంకెలు క్రౌన్ వీల్ వ్యాసం, మిల్లీమీటర్లలో. టర్బో ఇంజిన్‌తో క్లచ్ వదిలి కొట్టే డ్రిఫ్ట్‌కు ఆర్160 ఎక్కువ కాలం నిలవదు. ఆర్180 వేస్తే దానికి సరిపడే వెనక యాక్సిళ్లు కూడా మార్చాలని ముందే లెక్క వేసుకోండి.

రెండు వెనక చక్రాలూ కలిసి తిరగాలి కాబట్టి డిఫరెన్షియల్ లోపల 2-వే ఎల్‌ఎస్‌డీ (యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా రెండు చక్రాలనూ కలిపి పట్టే అమరిక) గానీ, వెల్డ్ చేసిన గేర్లు గానీ ఉండాలి. వెల్డ్ చేసినది చవక, నేర్చుకునేవాళ్లకు సరిపోతుంది. నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు టైర్లు కీచుమంటాయి, యాక్సిళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. పార్కింగ్‌లో అందరూ తిరిగి చూస్తారు.

ఈ మార్పులో ఒక లాభం చాలామందికి తట్టదు. ఆల్ వీల్ డ్రైవ్‌గా ఉన్నప్పుడు ముందు వెనక ఫైనల్ రేషియోలు (చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకెలు) కచ్చితంగా కలవాలి. ఆరు గేర్ల ఎస్‌టీఐలో ముందు 3.9, వెనక 3.545, మధ్యలో ట్రాన్స్‌ఫర్ గేర్ 1.1. గుణించి చూడండి, 3.9 వస్తుంది. ఇప్పుడు ముందు చక్రాలకు పవరే లేదు కాబట్టి ఆ కట్టుబాటు పోయింది. వెనక మీకు నచ్చిన రేషియో వేసుకోవచ్చు. చిన్న ట్రాక్‌లో రెండో గేర్ తొందరగా అయిపోతుంటే రేషియో మార్చి సరిచేసుకోవచ్చు.

ఆరో అడుగు: బ్రేకులు, వైర్లు

వెనక చక్రాలను పట్టే హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్ పెట్టించుకోండి. లాగేటప్పుడు క్లచ్ తొక్కి ఉండాలి, లేకపోతే ఇంజిన్ ఆగిపోతుంది. ముందు వెనక చక్రాల వేగాల్లో తేడా చూసి ఏబీఎస్ కంగారు పడుతుంది, స్టెబిలిటీ కంట్రోల్ ఉంటే అదీ అడ్డుపడుతుంది. డ్రిఫ్ట్ కారులో ఈ రెండూ ఆపేయడమే మామూలు. స్పీడ్ సెన్సార్ ఏ గేర్ నుంచి వేగం చదువుతోందో కూడా చూసుకోండి. ఆ గేర్ వెనక చక్రాలతో తిరుగుతుంటే అవి జారినప్పుడల్లా మీటర్ లేని వేగం చూపిస్తుంది.

ఏడో అడుగు: స్టీరింగ్, అలైన్‌మెంట్

ముందు యాక్సిల్ ఉన్నంతకాలం చక్రం ఎంత తిరగాలో సీవీ జాయింట్ కూడా నిర్ణయించేది. అది పోయింది కాబట్టి యాంగిల్ కిట్‌తో స్టీరింగ్ కోణం బాగా పెంచుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు రాక్ స్పేసర్లు (స్టీరింగ్ రాక్ మరికొంత జరిగేలా చేసే రింగులు) చాలు. స్టీరింగ్‌ను చివరి దాకా తిప్పి టైర్ ఫెండర్‌కు గానీ, బ్రేక్ పైపుకు గానీ తగులుతోందేమో చూడండి. పైపు లాగినట్టు బిర్రుగా ఉంటే పొడవైనది వేయాలి.

ముందు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) మైనస్ 3 డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి, క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే గీత వెనక్కి వాలే కోణం) వీలైనంత పెంచండి. చేయి వదిలితే స్టీరింగ్ దానంతట అదే తిరగడానికి కారణం క్యాస్టరే. వెనక క్యాంబర్ మైనస్ 1 దాటనివ్వకండి, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరగడం) సున్నా. ఇంప్రెజా బాక్సర్ ఇంజిన్ ముందు ఇరుసుకు ఇంకా ముందు వేలాడుతుంది కాబట్టి ముక్కు బరువు. వెనక స్ప్రింగులు కాస్త మెత్తగా ఉంటే వెనక టైర్లు నేలను పట్టి కారు ముందుకు సాగుతుంది. అదే ఇంజిన్‌కు ఆయిల్ పాన్‌లో బాఫిల్ (ఆయిల్ ఒక పక్కకు పోకుండా ఆపే అడ్డు రేకు) వేయించడం మానకండి. ఎక్కువసేపు పక్కకు జారేటప్పుడు ఆయిల్ ఒక మూలకు చేరి పంప్ గాలి పీల్చిందంటే బేరింగులు పోయినట్టే.

ఎనిమిదో అడుగు: పరీక్ష

నాలుగు చక్రాలూ గాల్లో ఉండేలా కారును స్టాండ్ల మీద పెట్టి, మొదటి గేర్‌లో క్లచ్ మెల్లగా వదలండి. వెనక రెండూ ఒకే వేగంతో తిరగాలి, ముందు రెండూ కదలకూడదు. ముందు చక్రాన్ని చేత్తో తిప్పితే గరగర లేకుండా తిరగాలి, పైనా కిందా పట్టి ఊపితే ఆట ఉండకూడదు. తర్వాత సీళ్ల దగ్గర ఆయిల్ జాడ వెతకండి.

ఈ కారు మూసి ఉన్న ట్రాక్ కోసమే. చాలా చోట్ల ఇలాంటి మార్పుకు అనుమతి లేనిదే రోడ్డు మీద తిప్పకూడదు, ఇన్సూరెన్స్ కూడా చెల్లకపోవచ్చు. ట్రాక్‌కు ట్రైలర్ మీద తీసుకెళ్లడమే మేలు. అక్కడ మొదట పొడవైన తిన్నటి దారిలో గేర్లన్నీ మార్చి చూడండి, శబ్దం వినండి. మొదటి రోజు అయ్యాక యాక్సిల్ నట్ల టార్క్ మళ్లీ చూసి, వెనక డిఫరెన్షియల్ ఆయిల్ దించి అయస్కాంతం ఉన్న ప్లగ్ తుడవండి. బూడిదలాంటి మెత్తటి పొడి ఉంటే ఫరవాలేదు. గోరుకు తగిలేంత ముక్కలు వస్తే మళ్లీ ట్రాక్ ఎక్కకముందే డిఫరెన్షియల్ మూత విప్పి చూడాలి.