పెద్ద లోహ భాగాల ప్రింటింగ్: వంపును ముందే లెక్కించడం

వైర్ ఆర్క్‌తో (కరెంటు ఆర్క్‌లో లోహపు తీగను కరిగించి) పొరలు పొరలుగా పోసిన గోడ చల్లారాక క్లాంపులు విప్పగానే బేస్‌ప్లేట్ చివర్లు పైకి లేస్తాయి. కొత్త బీడ్ (కరిగిన లోహపు వరస) చల్లారుతూ కుంచించుకోబోతే, కిందున్న చల్లని లోహం దాన్ని పోనివ్వదు. అలా లోపల మిగిలిపోయే రెసిడ్యువల్ స్ట్రెస్‌ను సిమ్యులేషన్‌లో పట్టాలంటే ముందు ఉష్ణోగ్రతలు సరిగా రావాలి. అవి తప్పితే తర్వాతి లెక్కంతా దండగ.

అందుకే థర్మల్ లెక్క ముందు, దాని ఫలితాలతో మెకానికల్ లెక్క తర్వాత. వంపు వల్ల వేడి ప్రవాహం పెద్దగా మారదు కాబట్టి రెండూ కలిపి నడపనక్కర్లేదు.

హీట్ సోర్స్‌కు గోల్డాక్ డబుల్ ఎలిప్సాయిడ్ (ఆర్క్ వేడిని ముందొకటి, వెనకొకటి సగం గుడ్డు ఆకారాల్లో పరిచే నమూనా) వాడండి. 20 వోల్టులు, 150 ఆంపియర్లు, ఆర్క్ ఎఫిషియెన్సీ 0.8 అయితే లోహంలోకి వెళ్లేది 2400 వాట్లు. టార్చ్ సెకనుకు 8 మి.మీ. కదిలితే మిల్లీమీటరుకు 300 జౌళ్లు. ఎలిప్సాయిడ్ వెడల్పు, లోతు ఊహించి పెట్టొద్దు. ఒక బీడ్‌ను అడ్డంగా కోసి, పాలిష్ చేసి, ఎచ్ చేసి (కరిగిన హద్దు బయటపడేలా రసాయనం పూసి) కొలవండి. ఎలిప్సాయిడ్ ముందు భాగం పొడవు 4 మి.మీ. అయితే టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో అడుగులో దాటే సమయం) 0.5 సెకను దాటకూడదు. దాటితే వేడి గీతలా కాక చుక్కలు చుక్కలుగా పడుతుంది.

తప్పులు ఎక్కువగా దొర్లేది ఎలిమెంట్లను (లెక్క కోసం భాగాన్ని విడగొట్టిన చిన్న ముక్కలను) యాక్టివేట్ చేసేచోట, అంటే లోహం పడేకొద్దీ వాటిని లెక్కలోకి తెచ్చేచోట. లేయర్ పడిన ప్రతిసారీ గాలికి తగిలే ఉపరితలం మారుతుంది. కన్వెక్షన్, రేడియేషన్ పాత ఉపరితలానికే ఉండిపోతే భాగం అసలుకంటే వేడిగా కనిపిస్తుంది. కొత్త ఎలిమెంట్‌లో స్ట్రెయిన్ (సాగడం, కుంచించుకోవడం) సున్నా నుంచి మొదలవ్వాలి. టైటానియం 6-4 (6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిపిన మిశ్రమం) అయితే ఎక్కువ వేడిలో స్ట్రెస్ సడలడాన్ని కూడా కలపాలి, లేకపోతే వంపు ఉన్నదానికంటే చాలా ఎక్కువ వస్తుంది.

మీటర్ల పొడవున్న భాగానికి ఇదంతా పూర్తిగా చేస్తే కంప్యూటర్ వారాలు తింటుంది. కదిలే హీట్ సోర్స్, సన్నని మెష్ (చిన్న ఎలిమెంట్ల అల్లిక) కింది కొద్ది లేయర్లకే ఉంచండి. ప్లేటును ఎక్కువగా వంచేవి అవే (గోడ లేచేకొద్దీ బిగుసుకుని వంగడం తగ్గుతుంది). పైవాటిని లేయరు లేయరంతా ఒకేసారి వేడెక్కినట్టు లెక్కిస్తే చాలు. ఇన్‌హెరెంట్ స్ట్రెయిన్ పద్ధతి (చిన్న గోడలో మిగిలిన స్ట్రెయిన్‌ను తీసి పెద్ద భాగానికి నేరుగా పెట్టడం) ఇంకా వేగం. కానీ చిన్న గోడ మీద తీసిన విలువ పెద్దదానికి పనికిరావాలంటే ఇంటర్‌పాస్ ఉష్ణోగ్రత (తర్వాతి బీడ్ పోసే ముందు కింది లోహం ఉండే వేడి) రెండింట్లోనూ ఒకటే ఉండాలి.

ప్లేటు అడుగును పూర్తిగా ఫిక్స్ చేయొద్దు. అది బల్ల మీంచి లేవగలగాలి, కిందికి మాత్రం దిగకూడదు. చివర్లో క్లాంపులు తీసేసే స్టెప్ తప్పనిసరి.

సరిచూడటానికి చిన్న ప్లేటును ఒక పక్కనే బిగించి, అడుగున థర్మోకపుల్స్ (ఉష్ణోగ్రత కొలిచే సెన్సార్లు), వదులుగా ఉన్న చివర కింద లేజర్ సెన్సార్ పెట్టండి. చివరి వంపు కలిసిందని నమ్మేయొద్దు, రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నా అంకె కలుస్తుంది. ప్రతి లేయరుకూ ఆ చివర కదిలే తీరు కొలతలోనూ లెక్కలోనూ గ్రాఫులో కలవాలి.