కొత్త ఫ్లాట్ బాత్రూమ్‌లో డ్రైనేజీ కంపు: మాకు పనిచేసింది ఇదీ

చాలామంది అడుగుతున్నారని రాస్తున్నా. మేమిద్దరం గృహప్రవేశం చేసి సామాన్లు దించుకున్నప్పటి నుంచి, పొద్దున్నే గెస్ట్ బాత్రూమ్ తలుపు తీస్తే చాలు, భరించలేనంత కంపు. ఫినాయిల్, యాసిడ్, కలరా ఉండలు అన్నీ దండగే. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే ఇంకా ఎక్కువైంది, అది డ్రైనేజీ గాలిని గదిలోకి లాగుతుంది కదా.

ముందు కంపు ఎక్కడిదో తేల్చాం. రాత్రి ఫ్లోర్ జాలీ మీద ప్లాస్టిక్ కవరు పరిచి చుట్టూ టేపు వేస్తే పొద్దునకి వాసన లేదు. అంటే దోషి అదే. జాలీ తీసి, లోపలి గిన్నెలాంటి కప్పు బయటికి లాగితే, టైల్స్ పనిలో పడ్డ సిమెంటు ముక్కలు ఇరుక్కుని కప్పు సరిగ్గా కూర్చోవడం లేదు, నీళ్లేమో పూర్తిగా ఎండిపోయాయి. అక్కడ నిలిచే ఆ కాసిని నీళ్లే పైపులోంచి వచ్చే గాలిని ఆపేది. యాసిడ్ పోయకుండా చేత్తోనే (గ్లౌజులు మర్చిపోకండి) ముక్కలన్నీ ఏరి, కప్పు కడిగి గట్టిగా కూర్చోబెట్టి, బకెట్ నీళ్లు పోశాం. అంతే, కంపు పోయింది. ఆ బాత్రూమ్ ఎవరూ వాడరు కాబట్టి మా ఆవిడ అప్పుడప్పుడు ఓ మగ్గు నీళ్లు పోస్తుంటుంది.

అందరికీ ఇదే కారణం కాకపోవచ్చు. నీళ్లు పోసిన మర్నాటికే మళ్లీ వాసనొస్తే ట్రాప్ (జాలీ కింద నీళ్లు నిలిచే భాగం) పగిలిందేమో, లేదా కమోడ్ కింద సీల్ పోయిందేమో, అది మాత్రం ప్లంబర్ చూడాల్సిందే.