ప్రైమరీలో వెనకబడ్డప్పుడు ఉండాలా తప్పుకోవాలా, ఎలా తేల్చుకోవాలి

అమెరికాలో మనవాళ్ళు ప్రైమరీల్లో, అంటే పార్టీ క్యాండిడేట్ ఎవరో ఓటర్లే తేల్చే ఎన్నికల్లో నిలబడటం, వాళ్ళ కోసం మనలో కొందరు శనాదివారాలు ఇల్లిల్లూ తిరిగి తలుపులు కొట్టడం ఇప్పుడు మామూలైపోయింది కదా, అలా నిలబడ్డవాళ్ళకీ తిరిగేవాళ్ళకీ ఎప్పుడో ఒకరోజు ఈ ప్రశ్న ఎదురవుతుంది, వెనకబడిపోయాం, ఇంకా ఉందామా వద్దా అని. మన ఊళ్ళో అయితే హైకమాండ్ ఎవరికి బీ-ఫారం ఇస్తే వాళ్ళే క్యాండిడేట్, ఈ తలనొప్పి ఉండదు. ఇక్కడ టికెట్ ఇచ్చేది ఓటర్లు కాబట్టి ఎప్పుడు ఆగాలో కూడా క్యాండిడేటే తేల్చుకోవాలి. నా మాట ముందే చెప్పేస్తా: వెనకబడ్డంత మాత్రాన తప్పుకోనక్కర్లేదు, కానీ ఎందుకు ఉంటున్నారో ఒక్క ముక్కలో చెప్పలేకపోతే మాత్రం ఇక ఉండొద్దు.

మొట్టమొదట మీ రాష్ట్రం రూల్ చూడండి, ఎందుకంటే వెనకబడటం అనేది అన్నిచోట్లా ఒకటి కాదు. టెక్సస్‌లో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్ళీ ఓటింగ్, అంటే రనాఫ్ పెడతారు. 2012లో సెనేట్ ప్రైమరీలో టెడ్ క్రూజ్ మొదటి రౌండ్‌లో దాదాపు 10 పాయింట్లు వెనకపడి రెండోస్థానంలో ఆగాడు, జులై 31న జరిగిన రనాఫ్‌లో 57 శాతం దాకా తెచ్చుకుని గెలిచేశాడు. కాబట్టి టెక్సస్‌లో ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు నిలబడ్డవాళ్ళు ఫస్ట్ వస్తానా అని కాదు, సెకండ్ వస్తానా, ఫస్ట్ వచ్చినవాణ్ణి 50 దాటకుండా ఆపగలనా అని చూసుకోవాలి. వర్జీనియాలో అలా కాదు, ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొచ్చినా వాళ్ళే. 2025లో లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్ తర్వాతి పదవి, ఇక్కడ దీనికీ ఎన్నికే) పదవికి డెమొక్రాటిక్ ప్రైమరీలో ఆరుగురు నిలబడితే హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ 27 శాతం చిల్లరతో గెలిచారు, రెండు మూడు స్థానాల వాళ్ళు ఆవిడకి ఒకటి రెండు పాయింట్ల దూరంలోనే ఉన్నారు. అలాంటిచోట 5 శాతం ఉన్నవాళ్ళు ఉండటమో తప్పుకోవడమో మొత్తం ఫలితాన్నే మార్చేయగలదు. ఇక న్యూయార్క్ సిటీలో ఓటరు ఐదుగురి దాకా ర్యాంకులు ఇవ్వొచ్చు, తన ఫస్ట్ మనిషి పోటీలోంచి పోతే ఓటు సెకండ్‌కి వెళ్తుంది కాబట్టి తప్పుకోవాల్సిన పనే లేదు, 2025 మేయర్ ప్రైమరీలో మూడోస్థానంలో ఉన్న బ్రాడ్ ల్యాండర్ బరిలో ఉంటూనే తోటి క్యాండిడేట్ జోహ్రాన్ మమ్దానీతో ఒప్పందం చేసుకున్నాడు, నన్ను ఫస్ట్ పెట్టేవాళ్ళు అతన్ని సెకండ్ పెట్టండి, అతనివాళ్ళు నన్ను పెట్టండి అని, అది బాగా పనిచేసింది.

ప్రెసిడెంట్ ప్రైమరీ అయితే డెలిగేట్ల లెక్క, అంటే చివర్లో పార్టీ కన్వెన్షన్ అనే మహాసభలో క్యాండిడేట్‌ని ఎన్నుకునే ప్రతినిధుల లెక్క వేయాలి, ఇక్కడే ఎక్కువమంది గాల్లో లెక్కలు వేసేది. డెమొక్రాట్లలో ఏ రాష్ట్రంలోనైనా 15 శాతం దాటినవాళ్ళందరికీ ఓట్ల దామాషాలో డెలిగేట్లు వస్తారు. ఇది వెనకున్నవాళ్ళకి మంచిదే అనిపిస్తుంది గానీ, నిజానికి ఒకసారి గ్యాప్ వచ్చాక అది పూడ్చుకోవడం మహా కష్టం. కాగితం తీసుకుని వేసి చూడండి: మీరు 150 డెలిగేట్లు వెనకున్నారు, ఇంకా 1,000 మంది మిగిలారు అనుకుందాం. సమం అవ్వాలంటే మీకు 575, అవతలివాళ్ళకి 425 రావాలి, అంటే మిగిలిన ప్రతి రాష్ట్రంలోనూ సగటున 15 పాయింట్ల తేడాతో గెలవాలి. ఇప్పటిదాకా మీరు అంత తేడాతో ఎన్ని గెలిచారు? ఒక్కటీ లేకపోతే జవాబు మీకే తెలిసిపోతుంది. 2008లో హిల్లరీ క్లింటన్‌కి జరిగింది ఇదే, ఫిబ్రవరిలో ఒబామా వరసపెట్టి గెలిచేసరికి ఏర్పడ్డ గ్యాప్ ఆ తర్వాత ఒహాయో గెలిచినా పెన్సిల్వేనియా గెలిచినా పూడలేదు, టెక్సస్‌లో ఓట్లు ఆవిడకే ఎక్కువ వచ్చినా కాకస్‌లు (పార్టీవాళ్ళు సమావేశమై ఎంచుకునే పద్ధతి) కూడా కలిపి చూస్తే డెలిగేట్లు ఒబామాకి 99, ఆవిడకి 94. గెలిచామని టీవీలో చెప్పుకోవడం వేరు, లెక్కలో దగ్గరపడటం వేరు.

లెక్కతో పాటు క్యాలెండర్ కూడా చూడాలి, ముందు వచ్చే రాష్ట్రాలు మీవా కాదా అని. 2020లో బైడెన్ అయోవాలో నాలుగోస్థానం, న్యూ హాంప్‌షైర్‌లో ఐదోస్థానం, అందరూ పనైపోయిందనే అన్నారు, కానీ సౌత్ కరొలైనాలో నల్లజాతి ఓటర్లు తనవైపు ఉన్నారన్నది ఊరికే ఆశ కాదు, ఎప్పటినుంచో కనపడుతున్న బలం, ఫిబ్రవరి 29న అక్కడ గెలిచాక మూడురోజులకి సూపర్ ట్యూస్‌డేలో, అంటే చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే మంగళవారం నాడు, 14 రాష్ట్రాల్లో 10 ఆయనవే. 1976లో రేగన్ కూడా మొదటి ప్రైమరీలన్నీ వరసగా ఓడిపోయి నార్త్ కరొలైనాలో లేచాడు, కాన్సస్ సిటీలో రిపబ్లికన్ కన్వెన్షన్‌లో అప్పటి ప్రెసిడెంట్ ఫోర్డ్‌కి 1,187 డెలిగేట్ల ఓట్లు, ఆయనకి 1,070, ఓడిపోయాడు గానీ నాలుగేళ్ళకి ఆ పార్టీ ఆయనదైపోయింది. కాబట్టి మీ సౌత్ కరొలైనా ఏదో పేరుపెట్టి చెప్పగలగాలి. ఆ పేరూ తేదీ ముందే రాసి మీ టీమ్‌లో ఇద్దరి దగ్గర పెట్టండి, అక్కడ ఓడితే ఆగిపోతానని. ఓడిన రాత్రి ఎవరికైనా బుర్ర సరిగ్గా పనిచేయదు, ఇంకో రాష్ట్రం, ఇంకో వారం అంటూ లాగుతూనే ఉంటారు.

డబ్బు సంగతి నిర్మొహమాటంగా మాట్లాడుకోవాలి. చాలామంది తప్పుకునేది ఓట్లు లేక కాదు, జీతాలివ్వలేక. ప్రతి శుక్రవారం కూర్చుని బ్యాంకులో ఎంతుంది, వచ్చే రెండు వారాల జీతాలెంత, ఇప్పటికే ఒప్పుకున్న యాడ్స్ ఎంత అని చూసుకోండి, కుర్రాళ్ళ జీతాలు ఆపి యాడ్స్ కొనే పరిస్థితి వస్తే అక్కడితో ఆపేయడమే న్యాయం. సొంత డబ్బు పెట్టే ముందు కూడా ఆలోచించండి, క్లింటన్ 2008లో సొంతంగా 1.3 కోట్ల డాలర్లకి పైగా అప్పు పెట్టారు, అది తిరిగి రాలేదు, వెండర్ల బాకీలు తీరడానికి ఏళ్ళు పట్టింది. ఆవిడ తట్టుకోగలరు, ఇంటి మీద లోన్ తీసి స్టేట్ హౌస్‌కి (రాష్ట్ర అసెంబ్లీకి) నిలబడ్డ మనవాళ్ళు తట్టుకోలేరు. ఇంట్లోవాళ్ళతో ఆ అంకె ముందే మాట్లాడుకోండి.

ఓట్లు చీలుస్తున్నారు అనే మాట మీమీద వస్తుంది, దానికి వెంటనే బెదిరిపోవద్దు, నిజమో కాదో చూడండి. మీ ఓటర్ల సెకండ్ ఛాయిస్ ఎవరో మీ వాలంటీర్లు ఫోన్లలో అడిగితే తెలుస్తుంది. అందరిదీ ఒకే పేరైతే, ఆ మనిషి పాలసీలు మీవాటికి దగ్గరైతే, మీరు ఉండటం వల్ల మీరు కోరుకున్న పనులే ఆగిపోతాయి. 2020లో బైడెన్‌తో పోటీపడ్డ బుటిజెజ్ మార్చి 1న, క్లోబుచార్ మరునాడు తప్పుకుని సూపర్ ట్యూస్‌డేకి ముందురాత్రే డల్లాస్‌లో బైడెన్ వైపు నిలబడటం అందుకే అంత పనిచేసింది. 2016లో రిపబ్లికన్ల ప్రెసిడెంట్ ప్రైమరీలో కేసిక్ ఒక్క ఒహాయో మాత్రమే గెలిచి, లెక్క ప్రకారం దారి మూసుకుపోయాక కూడా మే 4 దాకా ఉన్నాడు, దాని వల్ల ఎవరికి మేలు జరిగిందో నాకైతే ఇప్పటికీ కనపడదు.

గెలవనని తెలిసీ ఉండటం తప్పేమీ కాదు, పని ఉంటే. హిల్లరీ క్లింటన్ మీద పోటీపడ్డ శాండర్స్ 2016లో జులై దాకా ఉన్నాడు, ఆ ఒత్తిడితోనే డెమొక్రాటిక్ పార్టీ 2018లో రూల్ మార్చింది, పోటీ గట్టిగా ఉన్న కన్వెన్షన్‌లో మొదటి ఓటింగ్‌లో సూపర్ డెలిగేట్లు (ప్రైమరీ ఫలితంతో పని లేకుండా తమ ఇష్టం వచ్చినవాళ్ళకి ఓటేసే పార్టీ పెద్దలు) ఓటు వేయకూడదని. అలాంటి కోరిక ఒకటి మీకూ ఉంటే ఉండండి, కానీ ఆ రోజు నుంచి ముందున్న మనిషిని వ్యక్తిగతంగా తిట్టడం పూర్తిగా ఆపేయాలి, ఇందులో రాజీ లేదు, మీరు అన్న ప్రతి మాటా నవంబర్ అసలు ఎన్నికలో అవతలి పార్టీ యాడ్‌లో వస్తుంది. అలాగే మీ రాష్ట్రం ఇంకా ఓటే వేయకముందు టీవీ వాళ్ళు వెళ్ళిపొమ్మంటే మాత్రం వెళ్ళకండి, ఆ ఓటర్లకి కూడా ఎంచుకునే హక్కు ఉంది.

తప్పుకోవాలనుకున్నాక తేదీ ముఖ్యం. ఫెడరల్ (దేశస్థాయి పదవుల) ఎన్నికలకి విదేశాల్లోని, మిలిటరీలోని ఓటర్లకి 45 రోజుల ముందే బ్యాలెట్లు పంపాలి, అవి ప్రింట్ అయ్యాక మీరు తప్పుకున్నా పేరు అలాగే ఉంటుంది, ముందే పోస్ట్‌లో ఓటేసినవాళ్ళ ఓటు వృథా. మీ రాష్ట్రంలో పేరు తీయించుకునే గడువు ఎప్పుడో ఎలక్షన్ ఆఫీస్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. ప్రెసిడెంట్ పోటీలో ఉన్నవాళ్ళు విత్‌డ్రా అనకుండా సస్పెండ్ అంటారు, అలా అంటే డెలిగేట్లని నిలుపుకోవచ్చు, అప్పులు తీర్చడానికి విరాళాలూ అడగొచ్చు. ఇంకోటి, మన దగ్గరలాగా టికెట్ రాలేదని రెబెల్‌గా ఇండిపెండెంట్‌గా దిగుదామంటే ఇక్కడ చాలా రాష్ట్రాల చట్టాలు ఒప్పుకోవు. బయట ప్రకటించే ముందు మీ స్టాఫ్‌కి, పెద్ద డోనర్లకి, గెలిచేలా ఉన్న క్యాండిడేట్‌కి మీరే ఫోన్ చేసి చెప్పండి, వాట్సాప్‌లో తెలియనివ్వొద్దు. అరుణా మిల్లర్ కాట్రగడ్డ వారి ఆడపడుచు, 2018లో మేరీల్యాండ్‌లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సీటు ప్రైమరీలో రెండోస్థానంలో ఆగిపోయారు, 2022లో అదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు, కాబట్టి మీతో పనిచేసినవాళ్ళతో, మీమీద గెలిచినవాళ్ళతో సంబంధం తెంచుకోవద్దు.

ఫెడరల్ పోటీ అయితే ఆ తర్వాత కాగితాల పని ఉంటుంది. నవంబర్ ఎన్నిక కోసమని ముందే తీసుకున్న విరాళాలు 60 రోజుల్లో తిరిగిచ్చేయాలి, లేదా దాత రాతపూర్వకంగా ఒప్పుకుంటే వేరే పద్దుకి మార్చుకోవాలి. బాకీలన్నీ తీరి మీ ప్రచార కమిటీ మూసేదాకా జమాఖర్చుల రిపోర్టులు వేస్తూనే ఉండాలి, అందుకని మీ ట్రెజరర్‌ని మాత్రం అందరికంటే చివర్లో పంపండి.