తాబేళ్ల తీరాన ఇద్దరు నేస్తాల కథ రాయడం ఎలా?

సముద్ర తాబేళ్ల సంరక్షణ నేపథ్యంలో ఇద్దరు స్త్రీల స్నేహాన్ని కథగా రాయదలచినవారు ముందుగా తాబేలును మాతృత్వానికి ప్రతీకగా వాడుకోవాలన్న కోరికను వదులుకోవాలి. ఆలివ్ రిడ్లీ తాబేలు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి, వెనుక కాళ్లతో ఇసుకలో కూజా ఆకారపు గుంత తవ్వి, సుమారు 100 నుంచి 120 గుడ్లు పెట్టి, వాటిపై ఇసుక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ దానిని గట్టిగా అదిమి, సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఆ గుడ్లను చూసుకోవడానికి మళ్లీ రాదు. అప్పుడు దాని కంటి నుంచి కారే నీరు ఒంట్లోని అదనపు ఉప్పును బయటికి పంపే గ్రంథుల స్రావమే గనుక, 'తల్లి తాబేలు కన్నీరు పెట్టింది' అన్న వాక్యాన్ని నిర్మొహమాటంగా కొట్టివేయండి. కన్నది వెళ్లిపోయాక ఆ గుడ్లకు కాపలా ఉండేది ఏ సంబంధమూ లేని మనుషులు. స్నేహకథకు పనికివచ్చే అంశం అక్కడే ఉంది.

కథాస్థలంగా విశాఖపట్నం, శ్రీకాకుళం తీరంలోని ఒక మత్స్యకార పల్లెను తీసుకోవచ్చు. ఒడిశాలోని గహిర్మఠ, రుషికుల్య తీరాలలో వేలాది తాబేళ్లు ఒక్కుమ్మడిగా ఒడ్డెక్కే దృశ్యం ఎంత అద్భుతమైనా, ఇద్దరు మనుషుల కథను అది మింగివేస్తుంది. మన తీరంలో అవి విడివిడిగా రావడమే రచయితకు మేలు.

కాలాన్ని లెక్కతో నిర్ణయించుకోండి. గుడ్లు పిల్లలు కావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది కనుక, ఫిబ్రవరి చివరలో పెట్టిన గుడ్లు ఏప్రిల్ మధ్య నాటికి పగలవచ్చు. తూర్పు తీరంలో మరబోట్ల వేటపై ఏటా అమలయ్యే 61 రోజుల నిషేధం మొదలయ్యేది కూడా ఏప్రిల్ 15ననే. ఒక ఇల్లు ఎదురుచూసిన రోజే పక్కింట్లో సంపాదన ఆగిపోతుంది. ఇంతకన్నా మంచి మలుపును కల్పించడం కష్టం.

ఇక పాత్రలు. పైడమ్మ దినకూలికి గుడ్ల హేచరీలో, అంటే తీరాన సేకరించిన గుడ్లను పూడ్చి కాపాడే ఆవరణలో, రాత్రి కాపలా ఉంటుందనీ, ఆమె చిన్ననాటి నేస్తం నూకాలు భర్త మరబోటులో వలకు వెళతాడనీ అనుకుందాం. తాబేలు ఊపిరి కోసం నీటిపైకి రావాలి. మరబోటు నీటిలో ఈడ్చుకుపోయే ట్రాలు వలలో చిక్కుకుంటే మునిగి చనిపోతుంది. అది తప్పించుకోవడానికి వలలో చట్రం అమర్చి దారి వదిలే పరికరం ఉన్నది గాని, ఆ దారిలో తమ చేపలూ పోతాయని బోటువారి ఫిర్యాదు. నూకాలును ఇక్కడ దుర్మార్గురాలిగా చూపితే కథ ప్రచార కరపత్రమవుతుంది. ఆమె వాదనను పైడమ్మ వాదన కంటే బలంగా రాయండి. కథనం శిష్టభాషలో సాగినా సంభాషణలో ఆ తీరపు నుడి వినిపించాలి: "తాబేలు గుడ్లకి రేతిరంతా కాపలా కాత్తన్నావు. మా ఆయన వల్లోంచి చేప జారిపోతే నా పిల్లలకి కూడెవులెడతారే?" దీనికి పైడమ్మ వద్ద జవాబు ఉండకూడదు.

స్నేహాన్ని మాటలలో కాక పనిలో చూపాలి. ఇసుకపై జాడను బట్టి గూడు కనిపెట్టడం, గుడ్లను దొర్లించకుండా కొద్ది గంటలలోనే హేచరీకి చేర్చి అంతే లోతున పూడ్చడం, తేదీ, లెక్క రాసిన గుర్తు పాతడం, తెల్లవార్లూ కుక్కలను తరమడం వంటివన్నీ ఇద్దరు చేయదగ్గ పనులు. ఒకరు గుడ్లు తీస్తూ, మరొకరు లెక్కపెడుతూ, మధ్యలో ఇంటి గొడవ చెప్పుకుంటూ అంకె తప్పిపోయి మళ్లీ మొదలుపెట్టే సన్నివేశం ఒక్కటి రాస్తే, వారి స్నేహం గురించి విడిగా ఒక పేజీ రాయనవసరం లేదు. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఈ తాబేలు ఉన్నది కనుక, అటవీశాఖ అనుమతి లేకుండా పాత్రల చేత గుడ్లు ముట్టించేటట్లయితే అది నేరమన్న ఎరుకతోనే రాయాలి. ఇసుక వేడెక్కిన కొద్దీ ఆడపిల్లలు ఎక్కువగా పుడతాయన్నది నిజమే. కానీ ఈ ఇతివృత్తానికి అది మరీ చక్కగా అతికిపోతుంది కాబట్టి, నేనైతే ఒక్క వాక్యంతో సరిపెడతాను.

చివరి ఘట్టంలో పిల్లలను చేతులతో నీటిలో వదిలించకండి; అవి ఇసుకపై తామే పాకుతూ వెళ్లాలి. వెలుతురు ఉన్న దిక్కే సముద్రమని అవి నమ్ముతాయి గనుక, ఊరి దీపాలు వాటిని దారి తప్పిస్తాయి. పోట్లాడుకుని నెల రోజులుగా మాటల్లేని నూకాలు ఆ రాత్రి ఒడ్డుకు రానవసరం లేదు. ఆమె తన వాకిట్లోని బల్బుకు గోనెసంచి కప్పి లోపలికి వెళ్లిపోవడం, దూరాన ఆ వెలుగు ఆరడం పైడమ్మ చూడడం చాలు. ఆ తరువాత సంభాషణ పెట్టవద్దు.